మీ అబ్బాయి ఆ వారం వృథా చేయలేదు

ప్రశ్న: మా అబ్బాయి ఆటోమొబైల్ ఇంజనీరింగ్‌లో డిప్లొమా పూర్తిచేసి, ఆరు నెలలుగా ఆటోనగర్‌లో ఒక షెడ్డులో పనిచేస్తున్నాడు. ఈమధ్య ఒక ఆటోమేటిక్ కారు గేర్‌బాక్సు నుంచి ఆయిల్ కారుతోందని వారం రోజులు దాని కిందే గడిపాడు. అప్పటికే వేరే రెండు షెడ్లలో గేర్‌బాక్సు అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్ ప్యాకింగ్ మార్చారట. వీడు పొద్దున్నే ఆరింటికి వెళ్లి, బండి స్టార్ట్ చేయకముందే టార్చి వేసి చూసేవాడు. చివరికి పాడైంది గేరు మార్చే షాఫ్టు దగ్గరి చిన్న రబ్బరు సీలని తేలింది. దీనికి మూడేళ్ల చదువు కావాలా? బట్టల మీద ఎర్ర మరకలు చూసి వాళ్లమ్మ ఏడుస్తోంది. బంధువులు అడిగితే కార్ల కంపెనీలో ఉద్యోగమని చెబుతున్నాం. ఎలక్ట్రిక్ వాహనాల మీద మూడు నెలల సర్టిఫికెట్ కోర్సు ఉందట, ఫీజు లక్షన్నర. అందులో చేర్చాలా, ఈసెట్ రాయించి బీటెక్‌కు పంపాలా, ఇక్కడే ఉండనివ్వాలా? పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: పోల్చి చెబుతాను. అయితే వారం రోజులు బండి కిందే గడిపాడని మీరు ఫిర్యాదుగా రాసిన మాటే ఈ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించింది. ముందు దాని సంగతి చూద్దాం.

గేర్‌బాక్సు ఆయిల్ ఎక్కడ బొట్టు కడుతుందో అక్కడే కారుతోందని అనుకోవడానికి లేదు. మేడ మీద పగులు ఒకచోట ఉంటే వాన నీరు ఇంకో గదిలో కారినట్టే ఇదీ. బండి పరుగెడుతుంటే గాలి ఆయిల్‌ను వెనక్కి తోస్తుంది. అది అంచుల వెంట జారి అడుగున ఛాంబర్ దగ్గర చుక్కగా నిలుస్తుంది. చూసినవారు ప్యాకింగ్ పోయిందంటారు. మార్చినా ఆగకపోతే బోల్టులు ఇంకా బిగిస్తారు, దాంతో ఛాంబర్ అంచు వంగి కొత్త లీకు మొదలవుతుంది. ఎర్రగా ఉన్నంత మాత్రాన గేర్‌బాక్సు ఆయిలే అనుకోకూడదు. కొన్ని కార్లలో పవర్ స్టీరింగ్‌లో కూడా అదే రకం పోస్తారు. ఇంజను వెనక సీలు పోయినా గేర్‌బాక్సు ముందుభాగమే తడుస్తుంది. గేర్‌బాక్సు గాలి రంధ్రం మట్టితో మూసుకుపోతే లోపలి ఒత్తిడికి బాగున్న సీలు కూడా చెమరుస్తుంది. మన సముద్రపు గాలికి ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ గొట్టాలు తుప్పు పట్టడం వేరే సంగతి. వీటిని ఒక్కొక్కటిగా పక్కన పెట్టాలంటే అంతా కడిగి, ఆరబెట్టి, ఆయిల్‌లో మెరిసే రంగు కలిపి, బండి నడిపి, అతినీలలోహిత దీపం కింద అన్నిటికన్నా పైన తడిసిన చోటు ఏదో వెతకాలి.

మరి పొద్దున్న ఆరింటికి ఎందుకు వెళ్లాడు? కొన్ని గేర్‌బాక్సుల్లో ఇంజను ఆపాక టార్క్ కన్వర్టర్‌లోని, అంటే ఇంజను శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే భాగంలోని ఆయిల్ రాత్రంతా మెల్లగా ఛాంబర్‌లోకి దిగుతుంది. మట్టం పెరిగి, బండి నడిచేటప్పుడు ఆయిల్ అందని సీలు దాకా వస్తుంది. అందుకే సాయంత్రం పొడిగా కనిపించిన చోటే తెల్లవారేసరికి తడిగా ఉంటుంది. ఇంజను స్టార్ట్ చేశారంటే మట్టం మళ్లీ పడిపోతుంది, ఆధారం పోతుంది. ఈ తేడా కోసమే మీ అబ్బాయి నిద్ర మానుకుని వెళ్లి ఉంటాడు. రెండు షెడ్లలో చేయి తిరిగినవాళ్లు వదిలేసిన కారణాన్ని ఆరు నెలల అనుభవంతో పట్టుకున్నాడు. దీనికి మూడేళ్ల చదువు కావాలా అని అడిగారు. ఆ చదువు ఉపయోగపడింది సరిగ్గా ఇక్కడే.

ఇక కోర్సు సంగతి. నాకు దీని మీద గట్టి సందేహాలున్నాయి. ఎలక్ట్రిక్ వాహనాలు వస్తాయా రావా అన్నది కాదు నా సందేహం, అవి వస్తున్నాయి. నా సందేహం మూడు నెలల సర్టిఫికెట్ల మీద. ఎలక్ట్రిక్ కారు బ్యాటరీలో సాధారణంగా 300 వోల్టులకు పైగా ఉంటుంది. ఆ కరెంటు మోసే నారింజ రంగు కేబుళ్లను ఎప్పుడు ముట్టుకోవాలో, ముట్టుకునే ముందు కరెంటు లేదని ఎలా రూఢి చేసుకోవాలో చేత్తో నేర్చుకోవలసిన పని. ఆ సంస్థకు మీరే వెళ్లండి. విప్పిన బ్యాటరీ ప్యాక్ చూపించమనండి. ఇన్సులేషన్ చేతి తొడుగులు ఎన్ని జతలున్నాయో అడగండి. కిందటి బ్యాచ్‌లో నలుగురి ఫోను నంబర్లు తీసుకుని వాళ్లతో మాట్లాడండి. తెర మీద బొమ్మలు చూపించి పంపేస్తే ఆ లక్షన్నర ఇంట్లోనే ఉంచండి.

ఎలక్ట్రిక్ కార్లు వస్తే ఆటోమేటిక్ గేర్‌బాక్సులకు కాలం చెల్లుతుందనే భయం మీకు ఉండవచ్చు. 2014లో మారుతి సెలెరియోతో మన దగ్గర చవక కార్లలోనూ క్లచ్ పెడల్ లేని బళ్లు పెరగడం మొదలైంది. అందులో ఉన్నది మామూలు గేర్‌బాక్సే, క్లచ్చును, గేరును యంత్రం మారుస్తుంది. టార్క్ కన్వర్టర్ ఉన్నవి వేరు, విడివిడి గేర్లు లేకుండా వేగం మార్చే సీవీటీలు వేరు, రెండు క్లచ్చులవి వేరు. వారంటీ తీరినకొద్దీ ఇవన్నీ ఆటోనగర్ దారి పడతాయి, వీటి మధ్య తేడా తెలిసినవారికి పని ఉంటుంది. ఎలక్ట్రిక్ కారులోనూ వేగం తగ్గించే గేరు ఉంది, దానికి ఆయిల్, సీళ్లు ఉన్నాయి, బ్యాటరీని చల్లబరిచే ద్రవం ఉంది. అక్కడా లీకులు వెతకాల్సిందే.

బీటెక్ గురించి ఒక్క మాట. అతనికి చదవాలని ఉంటే ఈసెట్ మంచి దారే. మీరు బంధువులకు చెప్పుకోవడానికైతే వద్దు. స్టీలు ప్లాంటు, షిప్‌యార్డు డిప్లొమా వారికి ఇచ్చే అప్రెంటిస్‌షిప్ ప్రకటనలు మాత్రం చూస్తూ ఉండమనండి.

ఇప్పుడు మీతో కొంచెం కటువుగా మాట్లాడాలి. ఇంట్లో అతను చేసే పనికి ఇంకో పేరు పెట్టి చెబుతున్నారు. అది విన్న ప్రతిసారీ తన పని సిగ్గుపడవలసినదని అతనికి మీరే నేర్పుతున్నారు. ఉత్తరం మొత్తంలో అతనికి ఏమిష్టమో ఒక్క ముక్క లేదు. అడిగారా? వాళ్లమ్మగారి కన్నీళ్లకు కారణం మరకలు కావు, కొడుకు వెనకబడిపోతున్నాడన్న భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. ఏటా ఎంతోమంది తల్లిదండ్రులు ఇదే భయంతో వస్తారు. ఇలా పనిని పట్టుకుని వదలని పిల్లల విషయంలో ఆ భయం అక్కర్లేదు.

మీరు భయపడి అడగవలసినవి వేరే ఉన్నాయి. షెడ్డులో జాకీ ఒక్కదాని మీదే బండి నిలిపి కిందికి దూరుతున్నారా, స్టాండ్లు పెడుతున్నారా? చేతికి తొడుగులున్నాయా? జీతం నెలనెలా వస్తోందా? బండి కంప్యూటర్‌లోని లోపాలు చదివే స్కానర్ అతని చేతికి ఇస్తారా, లేక యజమాని ఒక్కరే చూస్తారా? మొదటి రెండేళ్లు జీతం తక్కువగానే ఉంటుంది, దాన్ని దాచను. కానీ రెండేళ్లయినా స్కానర్, సర్వీస్ మాన్యువల్, బోల్టు ఎంత బిగించాలో కొలిచే టార్క్ రెంచి అతని దాకా రాకపోతే షెడ్డు మారమనండి, వృత్తి కాదు. చూసిన ప్రతి లీకునూ ఒక నోటు పుస్తకంలో రాయమనండి: ఏ బండి, ఎప్పుడు కారింది, వేడిగా ఉన్నప్పుడా, నిలిపి ఉంచినప్పుడా, చివరికి ఎక్కడ తేలింది. రేపు పెద్ద సర్వీసు సెంటర్‌లో ఇంటర్వ్యూకు వెళితే, ఆ పుస్తకం తీసుకువెళ్లి ఈ షాఫ్టు సీలు సంగతి మొదట చెప్పమనండి.