పొల్లు పోతే మంచిదే కదా?

సందేహం: మా సంఘంలో పాస్టరుగారు “దేవుని వాక్యం పొల్లు పోకుండా నెరవేరుతుంది” అంటుంటారు. మాది వ్యవసాయ కుటుంబం. పొల్లంటే మాకు తాలు గింజ. పొల్లు పోతే రైతుకు మేలే కదా, పోకూడదని కోరుకోవడమేమిటి? పత్రికల్లో కనిపించే “తూచా తప్పకుండా”లో తూచేది ఏమిటి? “పొల్లుబోకుండా”, “పొల్లువోకుండ” అని కూడా వింటున్నాం. వీటిలో ఏది ఒప్పు? (తెనాలి నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: పొలం గట్టు మీద నిలబడి అడిగిన ప్రశ్న ఇది. నిఘంటువు తిరగేసి అడిగేవారికి ఈ చిక్కు తట్టదు. “ఇది కరెక్టా, అది కరెక్టా” అని ఒక్క ముక్కలో తేల్చమనే ఉత్తరాల నడుమ ఇలాంటిది రావడం సంతోషం.

నిఘంటువుల్లో పొల్లుకు తాలు అనీ, అచ్చు లేని హల్లు అనీ రెండర్థాలు కనిపిస్తాయి. నా లెక్కలో అవి రెండు మాటలు కావు, ఒకటే. గింజ సంగతి మీకు తెలిసిందే. వరి సుంకు మీద ఉండగా ముసురు పట్టినా, పాలు పోసుకునే వేళ నీరందకపోయినా, కంకినల్లి ఆశించినా పైకి ఊక నిలుస్తుంది, లోపల బియ్యం ఉండదు. తూర్పారబడితే గాలికి పోతుంది, విత్తనాన్ని ఉప్పునీళ్లలో వేస్తే పైకి తేలుతుంది. ఇక అక్షరం మాట. మన ఛందోవేత్తలు అచ్చులను ప్రాణాలన్నారు, హల్లులను ప్రాణులన్నారు. ‘క’లో నుంచి అకారాన్ని తీసేయండి. తలకట్టు పోయి, ఆ చోట ఒక గీత వచ్చి ‘క్’ మిగులుతుంది. ఒళ్లుంది, ఊపిరి లేదు. ఊక ఉండి బియ్యం లేని గింజకు ఏ పేరు పెట్టారో, హల్లు ఉండి అచ్చు లేని అక్షరానికీ అదే పేరు పెట్టారు. పాత పద్యాల్లో వచ్చెన్, చేసెన్ అన్నచోట నకారపొల్లు అంటున్నది దీన్నే.

తమిళంలో అచ్చు లేని హల్లు మీద పెట్టే చుక్కను పుళ్ళి అంటారు. మన పొల్లు దాని చుట్టమని అనుకోవడానికీ వీలుంది, ధ్వనులు కుదురుతాయి. కానీ అప్పుడు తాలు గింజను ఎక్కడ పెట్టాలి? నేను గింజ పక్షం. అలాగని పుళ్ళి వాళ్లతో తగవు పెట్టుకోను.

మాటలకు కూడా ఈ పేరు పాకింది. పొల్లు మాటంటే వట్టి మాట. పొల్లుపోవడమంటే వ్యర్థం కావడం. కనుక “అక్షరం పొల్లుపోకుండా” అన్నదాన్ని రెండు విధాలుగా విడదీయవచ్చు. ఒకటి: ఒక్క అక్షరమూ తాలు కాకుండా, వ్యర్థం కాకుండా. రెండు: అక్షరం మాట అటుంచి, దాని పొల్లు గీతయినా రాలిపోకుండా. మొదటి అర్థంలో పొల్లు మాట పట్టే గతి. రెండో అర్థంలో అది పోగొట్టుకోకూడని వస్తువు. మీ రైతు సందేహం రెండో అర్థాన్ని పట్టుకుని పుట్టింది. మొదటి అర్థం తీసుకుంటే మీరూ, పాస్టరుగారూ ఒకే మాట అంటున్నారు.

అయితే క్రైస్తవ సంఘాల వాడుకకు వెనుక గట్టి ఆధారమే ఉంది, అది రెండో అర్థం వైపు మొగ్గుతుంది. మత్తయి సువార్త 5:18 చూడండి: “ఆకాశమును భూమియు గతించిపోయిననే గాని, ధర్మశాస్త్రమంతయు నెరవేరువరకు దానినుండి యొక పొల్లయినను ఒక సున్నయైనను తప్పిపోదని నిశ్చయముగా మీతో చెప్పుచున్నాను.” గ్రీకు మూలంలో ఉన్నవి అయోటా, కెరాయియా. అయోటా హీబ్రూలోని యోద్‌కు బదులు వచ్చింది, ఆ యోద్ హీబ్రూ 22 అక్షరాల్లోకెల్లా చిన్నది. కెరాయియా అంటే కొమ్ము, అక్షరానికి ఉండే చిన్న మొన. తమిళులు దీన్ని ‘ఎళుత్తిన్ ఉఱుప్పు’, అంటే అక్షరపు అవయవం అన్నారు. హిందీవారు మాత్రా, బిందు అన్నారు. మన అనువాదకులు వర్ణమాలను కలయజూసి, రాసేటప్పుడు చెయ్యి జారితే ముందుగా మాయమయ్యేవి ఏవో పట్టుకున్నారు. అవి పొల్లు, సున్న. ఒకటి ప్రాణం లేనిది, రెండోది అంకెల్లో విలువ లేనిది. ఏమీ లేదనిపించుకునే రెండింటిని తెచ్చి, దేవుని మాటలో అవి కూడా రాలవనడం ఎంత సొగసో చూడండి! ‘ఒక్క అక్షరమైనా’ అని సరిపెట్టి ఉంటే ఇందులో సగం బలం ఉండేది కాదు.

ఆ కొమ్ము ఎంత పని చేస్తుందో చెప్పాలి. హీబ్రూలో దాలెత్, రేష్ అనే అక్షరాలు దాదాపు ఒకేలా ఉంటాయి. దాలెత్‌కు కుడి మూల కోణం కాస్త పొడుచుకొని వస్తుంది, రేష్‌కు అదే మూల గుండ్రం. ద్వితీయోపదేశకాండము 6:4లో యెహోవా అద్వితీయుడని చెప్పేచోట ఉన్న మాట ‘ఎహాద్’, ఒక్కడు అని. చివరి దాలెత్ మొన అరిగితే అది ‘అహేర్’ అవుతుంది, మరొకడు అని. నిర్గమకాండము 34:14లో వేరొక దేవునికి మొక్కవద్దన్న చోట ఉన్నది ఈ అహేరే. అక్కడ మొన మొలిస్తే ‘ఒక్క దేవునికి మొక్కవద్దు’ అని మొత్తం తిరగబడుతుంది. అందుకే యూదు లేఖకులు మొదటి చోట దాలెత్‌ను, రెండో చోట రేష్‌ను మిగతా అక్షరాల కన్నా పెద్దవిగా రాస్తూ వచ్చారు, పొరపాటుకు తావు లేకుండా.

వాళ్ల కట్టుబాట్లు కూడా అలాంటివే. తోరా (మోషే ధర్మశాస్త్రం) చుట్టను జ్ఞాపకం మీద ఆధారపడి రాయకూడదు, ఎదుట ప్రతి పెట్టుకొని మాట పైకి పలికి మరీ రాయాలి. ప్రతి అక్షరం చుట్టూ తోలు ఖాళీగా కనబడాలి, పక్క అక్షరాన్ని తాకితే చెల్లదు. సంప్రదాయం చెప్పే అక్షరాల లెక్క 3,04,805. ఒక్కటి తగ్గినా ఆ చుట్ట సభలో చదవడానికి పనికిరాదు. దిద్దని ప్రతిని 30 రోజులకు మించి ఇంట్లో ఉంచుకోరాదని వాళ్ల ధర్మశాస్త్ర చర్చల గ్రంథం తల్మూదు మాట. యోద్ గురించి వాళ్ల మతగురువులైన రబ్బీలు చెప్పే ముచ్చట ఒకటుంది. శారయి పేరు శారాగా మారినప్పుడు చివరి యోద్ ఊడిపోయింది. అది దేవుని దగ్గరకు వెళ్లి, ఇంత చిన్నదాన్నని నన్ను తీసిపారేస్తారా అని మొరపెట్టుకుంది. మోషే హోషేయకు యెహోషువ అని పేరు పెట్టినప్పుడు (సంఖ్యాకాండము 13:16) దాన్ని ఆ పేరు మొదట చేర్చే దాకా ఊరుకోలేదట.

ఇదంతా పరాయి సంగతి అనుకోకండి. పొల్లుకూ సున్నకూ ఇంత పీట మన వేదపాఠంలోనూ వేశారు. కృష్ణయజుర్వేదంలోని తైత్తిరీయ శాఖ వారు పురుషసూక్తంలో “పురుష ఏవేదగ్ం సర్వమ్” అంటారు, ఋగ్వేదులు “ఏవేదం సర్వమ్” అంటారు. శ, ష, స, హ, రేఫల ముందు వచ్చిన సున్నను తైత్తిరీయులు ‘గ్ం’ అని పలకాలి. పొల్లు, సున్న రెండూ ఒకే చోట చేరాయి చూడండి. గురువు లేకుండా అచ్చు పుస్తకం పట్టుకున్నవాళ్లు దాన్ని ‘ఏవేదగం’ అని నిండు గకారంతో చదువుతారు. పొల్లుకు ప్రాణం పోసి మంత్రం ప్రాణం తీయడమంటే ఇదే. స్వరం తప్పితే సంగతి ఇంకా దూరం పోతుంది. త్వష్ట చేసిన యాగంలో ‘ఇంద్రశత్రుః’ అన్న మాటకు ఉదాత్తం (ఎత్తి పలికే స్వరం) చివర పడవలసింది మొదట పడింది. ఇంద్రుణ్ణి చంపేవాడు కావలసిన కొడుకు ఇంద్రుడి చేతిలో చచ్చేవాడయ్యాడు. వేదాన్ని పదాలు విడదీసి, కలిపి వల్లించే పద, క్రమ, జట, ఘన పాఠాలు పుట్టింది ఈ భయంతోనే. ఘనలో రెండు పదాలను ముందుకు, వెనక్కు చెప్పి, మూడోదాన్ని కలిపి మూడింటినీ ముందుకు, వెనక్కు, ముందుకు చెబుతారు. అంటే ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు. ఒక పొల్లు జారినా వెనక్కు వచ్చేటప్పుడు పట్టుబడుతుంది. ఇలా చదివినవాడు ఘనపాఠి. పేకాటలో గెలిచినవాణ్ణి కూడా ‘ఘనాపాటి’ అని రాసే విలేఖరులు ఆ ‘ఠ’కు ఒక్క నమస్కారం పెట్టినా చాలు.

ఇక ‘తూచా’. అక్కడ తూచేదేమీ లేదు. అది “తు, చ తప్పకుండా”. ‘తు’, ‘చ’ సంస్కృత అవ్యయాలు. అమరకోశం “తు హి చ స్మ హ వై పాదపూరణే” అని వాటిని పాదం నింపే మాటల పట్టీలో చేర్చింది. శ్లోకంలో అక్షరాలు చాలనిచోట పడేసే ఆ తు, చ కూడా వదలకుండా అని మన జాతీయం. పొల్లు, సున్నలకు ఇది సంస్కృతంలో జోడీ. అయితే శాస్త్రాన్ని గట్టిగా నమ్మినవారు ఇవి వట్టి పూరణాలంటే ఒప్పుకోరు. బ్రహ్మసూత్రాల్లో “తత్తు సమన్వయాత్” (1.1.4) అన్నచోట ‘తు’ పూర్వపక్షాన్ని (ఎదుటివారి వాదాన్ని) తోసిపుచ్చడానికి వచ్చిందని శంకరులు చెప్పారు. సూత్రంలో ‘చ’ కనిపిస్తే చాలు, చెప్పనిదాన్ని కూడా కలుపుకోవడానికే అది ఉందని వ్యాఖ్యాతలు పేజీలు నింపుతారు. అర్ధమాత్ర (హ్రస్వం పలికే కాలంలో సగం) ఆదా అయితే కొడుకు పుట్టినంత పండుగ చేసుకుంటారట వైయాకరణులు, వాళ్ల దగ్గర దండగ అక్షరం ఎక్కడుంటుంది? దీర్ఘాలు తగిలించి తూచా చేసి, తక్కెడను గుర్తుకు తెచ్చేవారిని ఏమనాలో తెలియదు. పొట్టి అక్షరాల గురించిన జాతీయాన్నే పొడిగించి పెట్టారు!

వాడుకలో ఒక హద్దు కూడా చెప్పుకోవాలి. “ఉపన్యాసాన్ని పొల్లు పోకుండా రాసుకున్నారు” అంటే అందం. “సీసీ కెమెరాలో దృశ్యాలు పొల్లు పోకుండా నమోదయ్యాయి” అంటే దృశ్యాలకు పొల్లెక్కడిది? అక్షరం, మాట, వాగ్దానం ఉన్నచోటే ఇది నప్పుతుంది. ఈ జాతీయాన్ని వాడేవారు దాని ధర్మం కొంతైనా పాటించాలని నా చాదస్తం. ‘థ’ కడుపులో చుక్క మరిచి అర్థాన్ని అర్ధం చేసేవారు, మదిలో ఉంచుకోవలసిన మాటను సున్న చేర్చి మందిలో ఉంచేవారు, నిండుగా పలికే రోడ్డును, కోర్టును రోడ్, కోర్ట్ చేసి పొల్లుల పంట పండించేవారు, “దైవవాక్కు పొల్లు పోదు” అని రాస్తే నవ్వొస్తుంది. అరసున్న ఉన్న రోజుల్లో ఏఁడు సంవత్సరం, ఏడు అంకె. ఆ సగం సున్నను మనమే చేజేతులా పోగొట్టుకున్నాం. దాన్ని తిరిగి తెమ్మని అడగను, అడిగినా ఎవరూ తేరు.

మళ్లీ మీ తాలు గింజ దగ్గరకు. యెషయా 55:10–11లో వాన, మంచు ఆకాశం నుంచి దిగి, విత్తువానికి విత్తనమూ తినేవానికి ఆహారమూ ఇస్తాయన్న పోలిక ఉంది. వెంటనే “నా నోటనుండి వచ్చు వచనమును ఉండును, నిష్ఫలముగా నాయొద్దకు మరలక” అని వస్తుంది. ‘నిష్ఫలముగా’ అన్నచోట హీబ్రూ మాటకు ఖాళీగా, వట్టిగా అని అర్థం. విత్తనం పోలిక పక్కనే ఉండగా అక్కడ “పొల్లువోక” అని పడి ఉంటే ఎంత బాగుండేది! మత్తయిలో పొల్లు గీత, యెషయాలో పొల్లు గింజ. మీ పాస్టరుగారి వాక్యంలో ఈ రెండూ కలిశాయి. పైగా ఆయన వాడిన నెరవేరుట కూడా పాత రూపంలో నెఱవేఱు, అందులో నెఱ అంటే నిండు. తాలు పోకుండా నిండుతుందన్నమాట. రెండర్థాల్లో ఇది ముందు, అది వెనక అని తేల్చమంటే నేను గింజ వైపే మొగ్గుతాను, కానీ మత్తయి వాక్యాన్ని మనసులో పెట్టుకొని మాట్లాడేవారిది తప్పనను. ఎవరు ఏ అర్థంలో అన్నారో ముందు వెనకలు చూసి తెలుసుకోవలసిందే.

రూపాల సంగతి: గసడదవాదేశం (క, చ, ట, త, పలు గ, స, డ, ద, వలుగా మారే సంధి) వల్ల కావ్యభాషలో పొల్లువోవు అవుతుంది, పొలివోవు లాగే. నేటి రాతలో పొల్లుపోవు స్థిరపడింది, ఒప్పే. పొల్లుబోవులో బకారానికి కావలసిన ద్రుతం (ముందు మాట చివరి నకారం) అక్కడ లేదు, మానుకోవడం మంచిది. తెలంగాణలో “పొల్లువోకుండ” అంటే కొందరు ఉపసంపాదకులు ఎర్ర సిరాతో దిద్దుతుంటారు. ఆ వకారం నన్నయనాటి సంధి సూత్రానికి కట్టుబడి ఉన్నది, దిద్దనక్కరలేదు.