‘ఛార్జ్’ పక్కన పెట్టిన ప్రశ్నార్థకం

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. ఇంజినీరింగ్ వద్దని, ఢిల్లీ జేఎన్‌యూలో చైనా భాషలో బీఏ చదువుతానని పట్టుబడుతోంది. రోజంతా ఇంగ్లిష్ మాటలకు చైనా అర్థాలు రాసుకుంటూ కూర్చుంటోంది. ఫోనే అనువాదం చేసేస్తున్న కాలంలో ఈ చదువు తిండి పెడుతుందా? బీటెక్‌లో చేర్చి, పక్కన మూడు నెలల చైనీస్ సర్టిఫికెట్ కోర్సు చేయిస్తే మేలా? ఆమె నోటుపుస్తకంలోని ఒక పేజీని జతచేస్తున్నాను.
– ఒక తండ్రి, గుంటూరు (మూడు పేజీల ఉత్తరం సారాంశం)

జవాబు: మీ ఉత్తరంలో చైనా భాష పైపైన మాత్రమే ఉంది, నలుగురిలో ‘మా అమ్మాయి బీటెక్’ అని చెప్పుకోలేమేమో అన్న బెంగ దాని అడుగున ఉంది. ఏటా ఈ నెలల్లో ఇదే బెంగ నాకు రకరకాల కోర్సుల పేర్లతో వస్తుంది. ప్రవేశ పరీక్ష వివరాలు మీకన్నా మీ అమ్మాయికే బాగా తెలిసి ఉంటాయి కనుక వాటిని వదిలేసి, మీరు పంపిన పేజీ దగ్గరికి వస్తాను.

ఆ పేజీ అంతా ‘ఛార్జ్’ అనే ఒక్క మాట గురించే. ఫోనుకు ఛార్జింగ్ పెట్టామని, బస్సు ఛార్జీలు పెరిగాయని, కొత్త తహసీల్దారు ఛార్జ్ తీసుకున్నారని, పోలీసులు ఛార్జ్‌షీట్ వేశారని మనం ఒకే మాటతో నెట్టుకొస్తాం. చైనా భాషలో ఈ నాలుగింటికీ నాలుగు మాటలున్నాయి. ఫోనుకు పెట్టేది ఛోంగ్‌దియెన్, అంటే విద్యుత్తును నింపడం. ఉద్యోగం చేస్తూనే కొత్త విద్య నేర్చుకోవడాన్ని కూడా చైనీయులు వాడుకలో ఆ మాటతోనే చెబుతారు. బస్సు ఛార్జీ ఛఫేయ్, పదవీ బాధ్యతలు స్వీకరించడం షాంగ్‌రెన్. ఛార్జ్‌షీట్‌కు ఆమె ‘చీసూషూ’ అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. మన దగ్గర ఛార్జ్‌షీట్‌ను పోలీసులే కోర్టులో దాఖలు చేస్తారు. చైనాలో పోలీసులు తమ అభిప్రాయాన్ని ప్రొక్యురేటరేట్‌కు (ప్రభుత్వం తరఫున నేరాభియోగాలు మోపే సంస్థ) పంపితే, చీసూషూను కోర్టుకు సమర్పించేది ఆ సంస్థ. రెండు పత్రాలూ అచ్చంగా ఒకటి కావని ఆమెకు అనుమానం వచ్చిందన్న మాట. ఫోను ఏదో ఒక మాట ఇచ్చి ఊరుకుంటుంది. అది ఇక్కడ సరిపోతుందా అని ఆగి ఆలోచించడమే దుబాసీ పని. అయ్యా, ఆ ప్రశ్నార్థకాన్ని మీరు చూశారా? మూడు పేజీల ఉత్తరంలో బంధువుల అభిప్రాయాలన్నీ రాశారు కానీ, కూతురి మాటగా ఒక్క వాక్యం కూడా రాయలేదు.

ఇక మీరు మెచ్చిన ‘బీటెక్‌తో పాటు సర్టిఫికెట్’ దారి మీద నాకు నమ్మకం తక్కువ. చైనా భాషలో ప్రావీణ్యాన్ని కొలిచే హెచ్‌ఎస్‌కే పరీక్షకు చాలాకాలం నడిచిన ఆరు స్థాయుల పద్ధతిలో నాలుగో స్థాయికే 1,200 మాటలు, ఆరో స్థాయికి 5,000 మాటలు రావాలి. స్వరం మారితే అర్థమే మారిపోయే భాషను ఇంజినీరింగ్ సబ్జెక్టుల మధ్య మూడు నెలల్లో ఎవరు నేర్పగలరు? పైగా శ్రీసిటీలోనూ హైదరాబాద్ దగ్గరి కొంగర కలాన్‌లోనూ ఉన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఫాక్స్‌కాన్ పుట్టిన తైవాన్‌లో సంప్రదాయ లిపి, తిరుపతిలో ఉన్న మరో ఎలక్ట్రానిక్స్ కంపెనీ టీసీఎల్ పుట్టిన చైనాలో సరళ లిపి వాడుకలో ఉన్నాయి. ఇలాంటి కోర్సుల ప్రకటనల్లో జీతం కనిపిస్తుంది గానీ ఈ తేడా ప్రస్తావన నాకు ఎక్కడా కనిపించలేదు.

అమ్మాయి ఎంచుకున్న దారిలోనూ కష్టాలున్నాయి. మామూలు ఉత్తరాలు, వాడకం సూచనల అనువాదంలో చాలా భాగం ఇప్పటికే యంత్రం చేతికి పోయింది. సరిహద్దులో వేడి పెరిగితే ఈ రంగానికి సెగ తగులుతుంది. 2020లో గల్వాన్ ఘర్షణ తర్వాత టిక్‌టాక్ సహా ఎన్నో చైనా యాప్‌లను మన ప్రభుత్వం నిషేధించింది. అందుకని భాషతో పాటు చట్టమో వాణిజ్యమో ఒక విషయాన్ని పట్టుకోమని ఆమెకు చెప్పండి. ఆ పేజీని చూస్తే ఆమె మనసు చట్టం వైపు మొగ్గుతున్నట్టుంది.

రెండు దారులనూ పక్కపక్కన పెట్టి లెక్క చెప్పమన్నారు. ఫీజులు, సీట్ల లెక్క ఎలా ఉన్నా, బీఏ చదివినంత మాత్రాన తలుపులన్నీ మూసుకుపోవు. సివిల్స్, గ్రూప్స్, లా, ఎంబీఏ అన్నీ ఆమెకు తెరిచే ఉంటాయి. ఆ మూడు నెలల కోర్సుకు ఇంకా డబ్బు కట్టకపోతే ఆగండి; ఈ రాత్రి ఆమె పక్కన కూర్చుని ఆ ప్రశ్నార్థకం ఎందుకు పెట్టిందో అడగండి.