ర్యాంప్ నుంచి తెరకు: దీపిక నడిచిన దూరం ఎంత?

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. మోడలింగ్ చేసి, అక్కడి నుంచి సినిమాల్లోకి వెళ్తానంటోంది. డిగ్రీలో చేరనని, పరీక్షలు కాగానే ముంబయి పంపమని పట్టుబట్టి కూర్చుంది. ‘దీపికా పదుకొణె చదువు మానేసే కదా అంత పైకి వచ్చింది’ అని ఎదురు ప్రశ్న వేస్తోంది. ఒక ఏజెన్సీ వాళ్లు రిజిస్ట్రేషన్‌కు, పోర్ట్‌ఫోలియోకు కలిపి ముందే డబ్బు కట్టమన్నారు. కట్టమంటారా? ఆమెకు ఎలా నచ్చజెప్పాలి? - ఒక తల్లి

జవాబు: ముందుగా ఆ డబ్బు కట్టకండి. పని ఇప్పించే ఏజెన్సీకి ఆదాయం వచ్చేది మోడల్ సంపాదనలో తీసుకునే కమీషన్ నుంచి. పని చూపించకముందే డబ్బు అడిగే వారికి, మీ అమ్మాయికి అవకాశం వచ్చినా రాకపోయినా నష్టమేమీ లేదు. మొదటి పరిచయానికి పోర్ట్‌ఫోలియో అనే ఖరీదైన ఫొటో ఆల్బమ్ అవసరం లేదు. మేకప్ లేకుండా, సాదా దుస్తుల్లో, పగటి వెలుగులో ఎదురుగా, పక్క నుంచి, నిలువెత్తుగా తీసిన నాలుగు ఫొటోలు, నిజమైన ఎత్తు, కొలతలు చాలు. ఇంకో సంగతి, ఆమెకు 18 నిండలేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం ఇప్పుడు ఆమె సంతకం పెట్టే ఒప్పందం చెల్లదు. ఏ కాగితం వచ్చినా మీరు చదవకుండా, తెలిసిన న్యాయవాదికి చూపించకుండా ముందుకు వెళ్లవద్దు.

ఇక దీపిక విషయం. మీ అమ్మాయి చెప్పినదాంట్లో నిజం ఉంది. ఆమె దూరవిద్య అందించే ఇగ్నో విశ్వవిద్యాలయంలో సోషియాలజీ బీఏలో చేరి, మోడలింగ్ పనులు పెరగడంతో మధ్యలోనే వదిలేసింది. అంటే అప్పటికే చేతినిండా పని ఉంది. పని దొరుకుతుందన్న ఆశతో మానడం వేరు, పని వల్ల తీరిక లేక మానడం వేరు. ఈ తేడాను మీ అమ్మాయితో కూర్చుని నెమ్మదిగా మాట్లాడండి.

దానికి ముందు కథ ఇంకా ముఖ్యం. దీపిక 1986లో కోపెన్‌హాగెన్‌లో పుట్టి బెంగళూరులో పెరిగింది. తండ్రి ప్రకాశ్ పదుకొణె 1980లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచిన క్రీడాకారుడు. ఆమె కూడా జాతీయ స్థాయి పోటీలు ఆడింది. తెల్లవారుజామున అయిదింటికి లేచి వ్యాయామం, తర్వాత బడి, సాయంత్రం మళ్లీ కోర్టు, రాత్రి హోంవర్కు. పదో తరగతిలో ఆట వదిలి మోడలింగ్ ఎంచుకునే నాటికి ఆ శరీరానికీ మనసుకూ క్రమశిక్షణ అలవాటైపోయింది. ఇంటి పేరుకు గుర్తింపు ఉంది, ముంబయి వెళ్తే ఉండటానికి దగ్గరి బంధువుల ఇల్లూ ఉంది. ఈ వసతులు అందరికీ ఉండవని మీ అమ్మాయికి చెప్పడం తప్పేమీ కాదు.

మోడళ్లను తీర్చిదిద్దే ప్రసాద్ బిడపా దగ్గర మెలకువలు నేర్చుకుని, 2005లో లాక్మే ఫ్యాషన్ వీక్‌లో డిజైనర్ సునీత్ వర్మ దుస్తులతో ర్యాంప్ మీదకు వచ్చింది. గాయకుడు హిమేశ్ రేషమియా మ్యూజిక్ వీడియోలో కనిపించాక సినిమా అవకాశాలు తలుపు తట్టాయి. అయినా ఆమె చేసింది అనుపమ్ ఖేర్ నటన శిక్షణ సంస్థలో చేరడం. నాకు ఆమె జీవితంలో బాగా నచ్చే భాగం ఇదే. మొదటి సినిమా 2006లో కన్నడ ‘ఐశ్వర్య’, అది మన ‘మన్మథుడు’కు రీమేక్. 2007లో వచ్చిన తొలి హిందీ చిత్రం ‘ఓం శాంతి ఓం’ను దేశమంతా చూసింది, అది ఆమెకు ఉత్తమ నూతన నటిగా ఫిల్మ్‌ఫేర్ పురస్కారం కూడా తెచ్చింది. కానీ అందులో ఆమెకు గొంతు అరువిచ్చింది డబ్బింగ్ కళాకారిణి మోనా ఘోష్ శెట్టి. ఆ తర్వాత వరుసగా సినిమాలు వచ్చినా, నటిగా విమర్శకులు నిండు మనసుతో మెచ్చుకున్నది 2012లో ‘కాక్‌టెయిల్’కే. పెద్ద విజయంతో మొదలైన మనిషికే అయిదేళ్లు పట్టింది.

ఎందుకంత సమయం? రెండు పనులూ ఒకదానికొకటి దాదాపు ఎదురుగా ఉంటాయి. ర్యాంప్ మీద మోడల్ చూపు చివర ఉన్న కెమెరాల మీద నిలుస్తుంది, ముఖంలో భావం పలకదు, ఎందుకంటే చూడాల్సింది దుస్తుల్ని. చివరికి వెళ్లి ఒక్క క్షణం ఆగి, భుజం తిప్పి వెనక్కి రావడంలోనే నైపుణ్యమంతా. నటి చేయాల్సింది ఎదుటి మనిషి మాట వినడం. వింటున్నప్పుడు కళ్లలో ఏదో కదలాలి. అందంగా కనిపించాలన్న ధ్యాస ఉన్నంతసేపూ అది కదలదు. ర్యాంప్ మీద ఆస్తిగా ఉన్నదే సెట్లో అడ్డం పడుతుంది. అందుకే మోడలింగ్‌తో పాటు ఇప్పటి నుంచే నాటకాల్లో చేరమని చెప్పండి. వారానికి రెండు సాయంత్రాలు రిహార్సల్ చేసినా గొంతు, ఉచ్చారణ మెరుగుపడటం, జంకు తీరడం మొదలవుతాయి.

డిగ్రీ వద్దంటోంది కదా, ఒక మాట చెప్పండి. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చేరాలంటే డిగ్రీ ఉండాలి, నాటకాల్లో పనిచేసిన అనుభవమూ అడుగుతారు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో నటన కోర్సుకూ, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల పీజీకీ డిగ్రీయే అర్హత. నటన చదవాలనుకునే అమ్మాయికి డిగ్రీ ప్రవేశ ద్వారం. రెగ్యులర్ కాలేజీ కుదరకపోతే దూరవిద్య ఉంది. నిఫ్ట్ పేరు ఎవరైనా చెబితే, అది దుస్తుల రూపకల్పన నేర్పే సంస్థ అని గుర్తుంచుకోండి, మోడలింగ్ కోసం కాదు.

తల్లిగా మీకు ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. 2014లో, కెరీర్ శిఖరాన ఉన్నప్పుడే దీపిక డిప్రెషన్‌కు లోనైంది. చూడటానికి వచ్చిన తల్లి ఉజ్జల, కూతురి ఏడుపు మామూలు దిగులు కాదని గ్రహించి నిపుణుల సాయం తీసుకోమంది. ఈ విషయం దీపికే బయటకు చెప్పి, 2015లో మానసిక ఆరోగ్యం కోసం లివ్ లవ్ లాఫ్ ఫౌండేషన్ స్థాపించింది. రోజూ తన ముఖాన్నీ బరువునూ ఎవరో ఒకరు తూకం వేసే వృత్తి ఇది. మీ అమ్మాయి ఏమీ దాచకుండా మీతో మాట్లాడగలగాలి. ఇప్పుడు ఈ గొడవలో ఆ మాటలు తెగిపోనివ్వకండి.

కాబట్టి పూర్తిగా కాదనవద్దు. డిగ్రీలో చేరి, నాటకాలు మొదలుపెట్టి, సెలవుల్లో స్థానిక ప్రకటనలకు, ఫ్యాషన్ షోలకు ప్రయత్నించనివ్వండి. ముంబయి నుంచి నిజంగా పిలుపు వస్తే మీరో, ఇంట్లో మరో పెద్దవారో వెంట వెళ్లండి. ప్రకటన ఎవరిది, నిర్మాణ సంస్థ ఏది, నటులను ఎంపిక చేసే కాస్టింగ్ డైరెక్టర్ ఎవరు అని ముందే రాతపూర్వకంగా తెప్పించుకుని, ఆ సంస్థకు మీరే ఫోను చేసి సరిచూసుకోండి. ఆడిషన్‌కు రుసుము అడిగినా, హోటల్ గదికి రమ్మన్నా, తోడు వచ్చిన వారిని బయటికి పంపమన్నా అక్కడి నుంచే వెనక్కి వచ్చేయండి.