ఈఏపీ పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది అని అడిగావు కదా తల్లీ

తల్లీ,

ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రాం (ఈఏపీ), అంటే ఉద్యోగుల సొంత సమస్యలకి కంపెనీ ఇప్పించే కౌన్సెలింగ్ సాయం, దాని మీద రిపోర్ట్ ఇమ్మన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీట్లేదు అన్నావు. ముందు వెండర్, అంటే ఆ ప్రోగ్రాం నడిపే బయటి సంస్థ, పంపిన యూసేజ్ రిపోర్ట్ పక్కన పెట్టెయ్. ఎంతమంది కాల్ చేశారో ఉంటుంది గానీ చేసినవాళ్ళకి ఏం మారిందో అందులో ఒక్క ముక్క ఉండదు, పైగా కొందరు వెండర్లు కౌన్సెలింగ్‌కి వచ్చినవాళ్ళనే లెక్కేస్తారు, ఇంకొందరు వెబ్‌సైట్ తెరిచినవాళ్ళని కూడా కలిపేస్తారు, ఇక ఆ శాతాలు పోల్చి ఏం లాభం.

చెయ్యాల్సిన పని ఏంటంటే, అవే ప్రశ్నలు రెండుసార్లు అడగాలి. మొదటి సెషన్‌కి ముందు ఒకసారి, ఓ 3 నెలలయ్యాక మళ్ళీ. ప్రశ్నలు నువ్వు సొంతంగా రాయకు, దీనికోసమే వర్క్‌ప్లేస్ అవుట్‌కమ్ సూట్ అని ఒకటుంది, చిన్న వెర్షన్‌లో 5 ప్రశ్నలే. సొంత సమస్య వల్ల గత 30 రోజుల్లో ఎన్ని గంటల పని పోయింది, సీట్లో ఉన్నా మనసు పనిమీద నిలవట్లేదా, పనిమీద ఆసక్తి ఎలా ఉంది, జీవితం బాగానే సాగుతున్నట్టుందా, ఆఫీసుకి రావాలంటే దిగులుగా ఉందా, ఇవే. డిప్రెషన్ ఉన్నవాళ్ళకి కౌన్సెలర్ పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ ప్రశ్నావళి కూడా చేయిస్తే మంచిది, 0 నుంచి 27 దాకా స్కోర్, 5 పాయింట్లు తగ్గితే నిజంగా మార్పు వచ్చిందని లెక్క.

ఇక్కడే నేను తప్పు చేశా. స్కోర్లు మెరుగయ్యాయని మొత్తం క్రెడిట్ ప్రోగ్రాంకే ఇచ్చేశా. మనిషి సాయం అడిగేది బాగా కుంగిపోయినప్పుడే కదా, అక్కడినుంచి ఏ సాయం లేకపోయినా చాలామంది కొంత తేరుకుంటారు, ఆ కొంతని తీసేస్తేగానీ ప్రోగ్రాం వల్ల వచ్చిందెంతో తెలీదు. అందుకే అలాంటి ఉద్యోగమే చేస్తూ, మొదట్లో అంతే స్కోర్ ఉండి, ప్రోగ్రాం వాడనివాళ్ళకి కూడా అవే ప్రశ్నలు అదే గడువులో ఇప్పించి పోల్చు. రెండోసారి జవాబివ్వనివాళ్ళ మొదటి స్కోర్లు కూడా చూడు, బాగా ఇబ్బందిలో ఉన్నవాళ్ళే తప్పుకుని ఉంటే నీ లెక్క ఉన్నదానికన్నా అందంగా కనిపిస్తుంది.

పేర్లు మాత్రం నీ దగ్గరికి రానివ్వకు తల్లీ, వెండరే కోడ్ నంబర్లతో రెండు జవాబులూ కలిపి మొత్తం అంకెలు ఇవ్వాలి. నేను పనిచేసిన ఒకచోట టీంలవారీగా చూపించమని పట్టుబట్టారు, నలుగురే ఉన్న టీంలో ఎవరు వెళ్ళారో అందరికీ తెలిసిపోయింది, ఆ తర్వాత ఆ ఫ్లోర్ నుంచి ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు. నాకు ఇప్పటికీ బాధే. పదిమందికన్నా తక్కువున్న గ్రూప్‌ని విడిగా చూపించకు, ఎవరు అడిగినా సరే.

డబ్బు లెక్క అడుగుతారు, పోయిన గంటలు ఎన్ని తగ్గాయో దాన్ని గంట జీతంతో గుణించి చూపించు, చాలు.

అసలు రానివాళ్ళని కూడా పేరు లేకుండా అడిగించు, ప్రోగ్రాం ఫోన్ నంబర్ తెలుసా, చెప్పింది బయటికి పోదని నమ్ముతున్నారా అని. ఈ రెండోసారి ప్రశ్నలు అడిగే బాధ్యత వెండర్‌దేనని కాంట్రాక్ట్ రెన్యువల్‌కి ముందే రాయించు, సంతకాలయ్యాక అడిగితే ఎవరూ చెయ్యరు.