బ్యాండులో కంప్యూటర్‌కు ఏ పని అప్పగించాలి?

వేదిక మీద, రికార్డింగులో సంగీత సాఫ్ట్‌వేర్ వాడుతున్న వాద్యకారుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఆరింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నేను బ్యాండులో కీబోర్డు వాయిస్తాను. ఈ మధ్యనే ల్యాప్‌టాప్‌లో పియానో, స్ట్రింగ్స్ ప్లగిన్లు (వాద్యాల శబ్దాన్ని ఇచ్చే చిన్న సాఫ్ట్‌వేర్లు) పెట్టుకుని, కీబోర్డు నుంచి మిడి (ఏ మీట నొక్కామో కంప్యూటర్‌కు తెలిపే సంకేత పద్ధతి) ద్వారా వాటిని వాయించడం మొదలుపెట్టాను. మీట నొక్కిన తరువాత స్వరం కాస్త ఆలస్యంగా వినిపిస్తోంది. సెట్టింగులలో ఆలస్యాన్ని తగ్గిస్తే చిటపటమనే శబ్దాలు వస్తున్నాయి. కొత్త ల్యాప్‌టాప్ కొనక తప్పదా?

జవాబు: కొనే ముందు మీ దగ్గర ఉన్నదానినే ఒకసారి సరిచూసుకోండి. కంప్యూటర్ శబ్దాన్ని ఒక్కొక్క శాంపిల్‌గా (ఒక్కో క్షణంలో శబ్దాన్ని కొలిచిన అంకె) కాకుండా గుంపులు గుంపులుగా తయారుచేసి పంపుతుంది. ఆ గుంపు పరిమాణమే బఫర్. సెకనుకు 48,000 శాంపిళ్ల చొప్పున నడిచే వ్యవస్థలో 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లు, 256 అంటే 5.3, 512 అంటే 10.7, 1024 అంటే 21 మిల్లీసెకన్లకు పైగా. దీనికి ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌లోకి, బయటికి శబ్దాన్ని చేరవేసే పెట్టె), దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసుకునే సమయం కూడా తోడవుతుంది. శబ్దం గాలిలో ఒక మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, 10 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే స్పీకరుకు మూడున్నర మీటర్ల దూరంలో నిలబడి వాయించడంతో సమానం. గిటార్ వాయించేవారు తమ ఆంప్లిఫయర్‌కు అంత దూరంలో నిలబడి ఇబ్బంది లేకుండానే వాయిస్తారు. అందువల్ల అంకెను వీలైనంత కిందికి దించాలన్న పంతం అక్కరలేదు. చాలామందికి 128 గాని 256 గాని చక్కగా సరిపోతుంది.

చిటపట శబ్దాల విషయానికి వస్తే, ప్రాసెసర్ మొత్తం మీద అలసిపోవడం వల్లనే అవి వస్తాయని అనుకోవడం పొరపాటు. తరువాతి గుంపు సిద్ధం కావలసిన క్షణానికి సిద్ధం కాకపోతే చాలు, సగటు భారం ముప్పై శాతమే ఉన్నా శబ్దం తెగుతుంది. వైఫై, బ్లూటూత్ డ్రైవర్లు, విద్యుత్తును పొదుపు చేయడానికి ప్రాసెసర్ వేగాన్ని తగ్గించే అమరిక, నేపథ్యంలో దిగుమతి అవుతున్న అప్‌డేట్లు ఇందుకు తరచుగా కారణమవుతాయి. ముందుగా వీటిని ఆపివేయండి. విండోస్ వాడుతున్నట్లయితే, ఇంటర్‌ఫేస్ తయారుచేసిన సంస్థ ఇచ్చిన ఏసియో డ్రైవర్‌నే ఎంచుకోండి. 1997లో స్టైన్‌బర్గ్ సంస్థ ఈ పద్ధతిని తెచ్చిందే ఇలాంటి ఆలస్యాన్ని తగ్గించడానికి. మ్యాక్‌లో ఈ పనికి కోర్ ఆడియో అనే వ్యవస్థ ముందే ఉంటుంది. ఆ తరువాత, శబ్దాలన్నీ కలిసి బయటికి వెళ్లే మాస్టర్ ఛానెల్‌లో ఏముందో చూడండి. రాబోయే శబ్దాన్ని ముందే చూసి పనిచేసే లిమిటర్లు (శబ్దం హద్దు దాటకుండా ఆపేవి), లీనియర్ ఫేజ్ రకం ఈక్వలైజర్లు (మంద్ర, తార ధ్వనుల పాళ్లను సరిచేసేవి) మిక్సింగులో మంచివే గాని, చేత్తో వాయిస్తున్నప్పుడు అవే ఆలస్యానికి మూలమవుతాయి.

అసలు ఆలస్యం ఎంతో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. స్పీకరును కీబోర్డుకు ఆనించినంత దగ్గరగా పెట్టి, ఫోన్‌ను మీటల పక్కన ఉంచి రికార్డు చేస్తూ, ఒక మీటను గట్టిగా నొక్కండి. ఆ రికార్డింగును సాఫ్ట్‌వేర్‌లో తెరిచి పెద్దదిగా చేసి చూస్తే, మీట అడుగున తగిలిన 'టక్' శబ్దం ఒకచోట, స్వరం మొదలైన గీత మరొకచోట కనిపిస్తాయి. ఆ రెంటి మధ్య ఎడమే మీ వేలికి తెలుస్తున్న ఆలస్యం.

ఇంకొక మాట. రికార్డింగు కోసం తయారైన సాఫ్ట్‌వేర్‌లోనే వేదిక మీద కూడా వాయించనక్కరలేదు. మెయిన్‌స్టేజ్ మ్యాక్‌లో, క్యాంటబైల్ విండోస్‌లో, గిగ్ పెర్ఫార్మర్ రెండింటిలోనూ పనిచేస్తాయి. ఇవి ప్రదర్శన కోసమే రూపొందినవి. పాటల వరుస ప్రకారం సౌండ్లను ముందే మెమరీలో సిద్ధంగా ఉంచుకోవచ్చు, పాత సౌండ్ తోక తెగకుండానే కొత్తదానికి మారవచ్చు.

ప్రశ్న: నేను డ్రమ్మర్‌ను. మా బ్యాండు బ్యాకింగ్ ట్రాకులతో (ముందే రికార్డు చేసిన తోడు సంగీతంతో) వాయిస్తుంది. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి ఎడమ వైపు ట్రాకు, కుడి వైపు క్లిక్ (లయను తెలిపే 'టిక్ టిక్' శబ్దం) పంపుతున్నాము. గాయని ఒక చరణాన్ని ఇంకొకసారి పాడాలనుకుంటే ట్రాకు ఆగదు, మేము దాని వెంట పరుగెత్తాలి. దీనికి దారి ఏమిటి?

జవాబు: మీరు చెప్పిన అమరికతో చాలా బ్యాండులు మొదలవుతాయి, కాని అందులో రెండు బలహీనతలు ఉన్నాయి. శ్రోతలకు ట్రాకు మోనోలోనే (ఎడమ, కుడి తేడా లేకుండా) వెళ్తుంది. పైగా సౌండ్ ఇంజనీరు మిక్సర్ మీద ఒక్క ఫేడర్ (శబ్దాన్ని హెచ్చించి తగ్గించే జారుడు మీట) పొరపాటున ఎత్తితే క్లిక్ సభ మొత్తానికి వినిపిస్తుంది. కనీసం నాలుగు అవుట్‌పుట్లున్న ఇంటర్‌ఫేస్‌ను తీసుకుని, 1, 2 లలో ట్రాకు స్టీరియోను, 3లో క్లిక్‌ను, 4లో 'పల్లవి', 'చరణం', 'ముగింపు' అని ముందుగా చెప్పే గొంతును పంపండి. ఛార్జర్ పెట్టగానే గుయ్యిమనే హమ్ వినిపిస్తే, ఇంటర్‌ఫేస్‌కూ మిక్సర్‌కూ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు (సంకేతాన్ని మిక్సర్‌కు తగినట్లు మార్చే చిన్న పెట్టె) పెడితే సాధారణంగా పోతుంది.

క్లిక్ అందరి చెవుల్లోనూ ఉండాలని నేను అనను. డ్రమ్మర్‌గా మీకు తప్పనిసరి. మిగిలినవారు మిమ్మల్ని విని వాయిస్తే బ్యాండు శబ్దం సజీవంగా ఉంటుంది. పాటకు ముందు రెండు ఆవర్తాల కౌంట్ ఉంచండి. నెమ్మది పాటల్లో బీటుకు ఒక్క క్లిక్ చాలదు, సగం బీట్లను కూడా మెల్లగా వినిపించేలా చేసుకోండి. వాద్యాలు ఆగి గొంతు ఒక్కటే మిగిలే చోట క్లిక్ శబ్దాన్ని సాఫ్ట్‌వేర్‌లోనే తగ్గించండి, ఎందుకంటే హెడ్‌ఫోన్ అంచు నుంచి కారిన 'టిక్ టిక్' నిశ్శబ్దంలో మైకులోకి ఎక్కడం అందరికీ వినిపిస్తుంది.

ఇక గాయని అదనపు చరణం. మొదటి నుంచి చివరి దాకా సాగిపోయే ఒకే ఫైలుకు బదులు, పాటను భాగాలుగా విడగొట్టుకోండి. బెర్లిన్‌కు చెందిన ఏబుల్‌టన్ సంస్థ 2001లో విడుదల చేసిన లైవ్ అనే సాఫ్ట్‌వేర్‌లో సెషన్ వ్యూ ఉన్నది ఇందుకే. ప్రతి భాగం ఒక క్లిప్ అవుతుంది. తరువాతి భాగాన్ని పిలిచేవరకూ ఉన్న భాగమే తిరుగుతుంది, పిలిచినా ఆవర్తం పూర్తయ్యాకే మారుతుంది. ఆ పిలిచే పెడల్ ఎవరి కాలి కింద ఉండాలన్నదే ముఖ్యమైన ప్రశ్న. వెనుక కూర్చున్న సాంకేతిక సహాయకుడి చేతిలో పెట్టడం కన్నా మీ ఎడమ పాదం పక్కన పెట్టడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. గాయని ఊపిరి తీసుకున్న తీరు, ఆమె మీ వైపు తిరిగిన క్షణం మీకు తెలిసినంతగా మరెవరికీ తెలియవు.

లయ లేకుండా విడిగా పాడే ఆలాపనల మీద క్లిక్‌ను రుద్దకండి. అక్కడ కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి, బ్యాండు అందుకునే చోట పెడల్‌తో ప్రారంభించండి. 2021లో వచ్చిన లైవ్ 11వ వెర్షన్‌లో బయటి నుంచి వస్తున్న శబ్దపు వేగాన్ని విని అనుసరించే సౌకర్యం కూడా ఉంది. కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) స్పష్టంగా వినిపించే పాటల్లో ప్రయత్నించవచ్చు గాని, విరామాలు ఎక్కువగా ఉన్న పాటల్లో దాన్ని నమ్ముకోవద్దు.

రిహార్సల్‌లో ప్రతి పాటకూ ఒకసారి, ముందుగా చెప్పకుండా, మధ్యలో ట్రాకును ఆపివేయమని ఎవరికైనా అప్పగించండి. బ్యాండు ఆ పాటను ఆగకుండా ముగించగలగాలి. ముగించలేకపోయారంటే, మనుషులు వాయించవలసిన భాగం ట్రాకులోకి వెళ్లిపోయిందన్నమాట. బ్యాండులో ఎవరి చేతికీ అందని స్వరాలనే ట్రాకుకు వదలండి.

ప్రశ్న: రిహార్సల్‌లో సరిగ్గా ఉన్న ట్రాకు వేదిక మీద శ్రుతి పెరిగి, వేగంగా వినిపించింది. ఫైలు చెడిపోయిందా?

జవాబు: ఫైలు చెడిపోలేదు, శాంపిల్ రేటు (సెకనుకు ఎన్ని శాంపిళ్లన్న లెక్క) తప్పింది. నాకూ ఒక ప్రదర్శనలో ఇదే జరిగింది. మా ట్రాకులన్నీ 44,100 శాంపిళ్ల రేటులో తయారయ్యాయి. సాయంత్రం సౌండ్ చెక్‌కు సమయం చాలక, మా ఇంటర్‌ఫేస్‌ను వేదిక మీది డిజిటల్ మిక్సర్‌కు డిజిటల్ కేబుల్‌తో కలిపేసి ఊరుకున్నాము. మిక్సర్ 48,000తో నడుస్తోంది. ఇంటర్‌ఫేస్ దాని గడియారాన్ని (శాంపిళ్ల వేగాన్ని నిర్ణయించే సంకేతాన్ని) అనుసరించింది. సాఫ్ట్‌వేర్ మాత్రం పాత రేటే అనుకుంటూ శాంపిళ్లను పంపింది. నిమిషానికి 120 ఉండవలసిన క్లిక్ 130 దాటింది, శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమీటోన్ పైకి పోయింది. కౌంట్ వినగానే డ్రమ్మర్ చేతిలోని కర్రలు గాలిలోనే ఆగిపోయాయి. బాసిస్టు తన తీగ తప్పిందనుకుని ట్యూనర్ వైపు వంగాడు. నేను ట్రాకును ఆపాను, పాటను ట్రాకు లేకుండానే వాయించాము.

నాలుగు నిమిషాల పాట ఇలా ఇరవై సెకన్ల ముందే ముగిసిపోతుంది. వేదిక దగ్గరకు చేరగానే మిక్సర్, ఇంటర్‌ఫేస్, సాఫ్ట్‌వేర్ ఈ మూడింటి శాంపిల్ రేటూ, గడియారం ఎవరిదన్నదీ చూసుకోండి. ఆపై ట్రాకులో ఏదైనా ఒక స్వరాన్ని ట్యూనర్‌కు వినిపించండి. అర నిమిషం పని.

ప్రశ్న: రెండో ల్యాప్‌టాప్ అవసరమా?

జవాబు: ట్రాకు ఆగితే ప్రదర్శనే ఆగిపోయే పరిస్థితి ఉంటే అవసరమే. రెండు యంత్రాలలోనూ ఒకే ప్రాజెక్టును ఒకేసారి నడిపి, ఒకటి మౌనమైతే రెండోదానికి మారే స్విచింగ్ పరికరాన్ని మధ్యలో పెడతారు. చిన్న వేదికల మీద వాయించేవారికి అంత ఏర్పాటు లేకపోయినా, ట్రాకులను క్లిక్‌తో సహా మామూలు స్టీరియో ఫైళ్లుగా మార్చి ఒక ఫోన్‌లోనో చిన్న ప్లేయర్‌లోనో ఉంచుకుంటే సరిపోతుంది. యూఎస్‌బీ కేబుల్ మాత్రం అదనంగా ఒకటి తప్పక ఉండాలి.

ప్రశ్న: మా బ్యాండు ఒకే గదిలో కలిసి వాయిస్తుండగా రికార్డు చేయాలనుకుంటున్నాము. వాద్యాలను విడివిడిగా రికార్డు చేయకపోతే మిక్సింగు కుదరదని కొందరు అంటున్నారు. నిజమేనా? ప్రదర్శనను కూడా ఇలాగే రికార్డు చేయవచ్చా?

జవాబు: నిజం కాదు. ఒక మైకులోకి పక్క వాద్యం శబ్దం కొంత చేరుతుంది, దాన్ని బ్లీడ్ అంటారు. బ్లీడ్ వల్ల వచ్చే నష్టం కన్నా, ఒకరి కళ్లలోకి ఒకరు చూస్తూ వాయించడం వల్ల వచ్చే లాభం చాలా ఎక్కువని నా నమ్మకం. అయితే బ్లీడ్‌ను అదుపులో ఉంచాలి. మైకు తన వాద్యానికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, పక్క మైకు ఆ మైకుకు కనీసం 90 సెంటీమీటర్ల అవతల ఉండేలా చూడటం పాత నియమం, ఇప్పటికీ పనికొస్తుంది. గిటార్ ఆంప్లిఫయర్‌ను డ్రమ్స్ వైపు కాకుండా గోడ వైపు తిప్పి, మధ్యలో మందపాటి పరుపు నిలబెట్టండి. బాస్‌ను డీఐ ద్వారా నేరుగా తీసుకోండి. గాయని కూడా గదిలోనే పాడాలి. ఆ గొంతును తరువాత మళ్లీ రికార్డు చేసుకున్నా సరే, ఆమె పాడుతుంటేనే డ్రమ్మర్ ఎక్కడ తగ్గాలో ఎక్కడ పెరగాలో తెలుసుకుంటాడు.

స్థాయిల విషయంలో తొందర వద్దు. 24 బిట్లలో రికార్డు చేస్తే సిద్ధాంత రీత్యా 144 డెసిబెళ్ల విస్తృతి లభిస్తుంది కాబట్టి, అత్యధిక శిఖరాలు సున్నాకు (డిజిటల్ రికార్డింగు గరిష్ఠ హద్దుకు) 12 డెసిబెళ్లు దిగువనే ఉండేలా గెయిన్ (లోపలికి వచ్చే సంకేతాన్ని పెంచే స్థాయి) పెట్టండి. సౌండ్ చెక్‌లో మెల్లగా కొట్టిన డ్రమ్మర్ పాట వేడెక్కాక గట్టిగా కొడతాడు. ఆ ఖాళీ అందుకే. 48,000 రేటు, 24 బిట్లలో ఒక ట్రాకుకు నిమిషానికి 8.6 మెగాబైట్లు, 16 ట్రాకులకు గంటకు సుమారు 8.3 గిగాబైట్లు పడుతుంది. నేటి డిస్కులకు ఇది చిన్న మొత్తమే. అందువల్ల రిహార్సల్ టేకులను కూడా చెరపవద్దు.

ప్రదర్శనను రికార్డు చేయడం ఇప్పుడు సులువు. బెరింగర్ ఎక్స్32 వంటి డిజిటల్ మిక్సర్లు ఒక్క యూఎస్‌బీ కేబుల్ మీద 32 ఛానెళ్లను ల్యాప్‌టాప్‌కు పంపుతాయి. ఫేడర్‌కూ ఈక్వలైజర్‌కూ ముందున్న సంకేతాన్నే పంపమని ఇంజనీరును అడగండి. లేకపోతే సభ కోసం ఆయన చేసే ప్రతి మార్పూ మీ ఫైళ్లలో శాశ్వతంగా మిగులుతుంది. బఫర్‌ను 1024కు పెంచండి, వినడం మిక్సర్ నుంచే కాబట్టి ఆలస్యంతో ఇక్కడ పని లేదు. సభలో వెనుక రెండు మైకులు పెట్టడం మరవవద్దు, చప్పట్లు లేని ప్రదర్శన రికార్డింగు బోసిగా ఉంటుంది. ఆ మైకులు స్పీకర్లకు 15 మీటర్ల దూరంలో ఉంటే వాటిలో శబ్దం 44 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడుతుంది. మిక్సింగులో ఆ ట్రాకులను అంత ముందుకు జరిపి వినండి, బాగుందనిపించిన చోట ఆపండి.

ప్రశ్న: అలా రికార్డు చేసిన డ్రమ్స్ బీట్లను సాఫ్ట్‌వేర్ తెర మీద లయను చూపే గళ్లకు సరిగ్గా జరపాలా?

జవాబు: వినగానే ఇబ్బంది పెట్టిన చోటనే ముట్టుకోండి, తెర మీద గీతకు పక్కగా కనిపించిందన్న కారణంతో మాత్రం వద్దు. ఒక్క స్నేర్ (కర్రతో కొట్టే చిన్న పదునైన డ్రమ్) దెబ్బ స్నేర్ మైకులోనే కాదు, కిక్ మైకులోనూ డ్రమ్స్ పైన వేలాడే ఓవర్‌హెడ్ మైకులలోనూ కాస్త కాస్త తేడాతో ఉంటుంది. స్నేర్ ట్రాకును ఒక్కదానినే జరిపితే ఆ మైకుల మధ్య ఫేజ్ సంబంధం (శబ్ద తరంగాలు ఒకదానితో ఒకటి కలిసే తీరు) చెడి, దెబ్బ పలచబడి డొల్లగా వినిపిస్తుంది. కోయవలసి వస్తే డ్రమ్స్ ట్రాకులన్నింటినీ గ్రూపుగా కట్టి ఒకేచోట కోయండి. గిటార్, గొంతు మైకులలోకి బ్లీడ్ అయిన అదే దెబ్బ మాత్రం పాత చోటనే ఉండిపోతుంది కాబట్టి, రెండు దెబ్బలుగా వినిపిస్తోందేమో హెడ్‌ఫోన్లలో వినండి. అలా వినిపిస్తే ఆ నాలుగు ఆవర్తాలను మరొక టేకు నుంచి, అన్ని ట్రాకులనూ కలిపి తెచ్చి అతికించండి. ప్రతి పాటకూ కనీసం మూడు టేకులు తీసుకోమని చెప్పేది ఇందుకే.