తాతయ్య అరువు పుస్తకం

ప్రశ్న: మా తాతయ్య ఎనిమిది నెలల క్రితం గుండెపోటుతో పోయారు. ఆయనకు 81 ఏళ్లు. అనకాపల్లిలో 1972 నుంచి కిరాణా కొట్టు నడిపారు. నాకు 33 ఏళ్లు, విశాఖ మురళీనగర్‌లో ఉంటాను. తాతయ్య రోజూ రాత్రి షట్టర్ దించాక ఫోన్ చేసి "బాబు అన్నం తిన్నాడా" అని మా అబ్బాయి గురించి అడిగేవారు. పోయిన రోజు కూడా చేశారు. మీటింగ్‌లో ఉండి ఎత్తలేదు. ఆ మిస్డ్ కాల్ ఇంకా నా ఫోన్‌లో ఉంది. సంవత్సరీకానికి ఆయన గురించి చిన్న పుస్తకం వేయించి పంచాలనుకున్నాను. నాన్నతో చెబితే "ఏముంది రాయడానికి? కొట్టు పెట్టాడు, నడిపాడు, పోయాడు" అన్నారు. ఐటీఐ చదివి కూడా జీవితమంతా అదే కొట్టులో ఆయన పక్కనే ఉన్న మనిషి అనాల్సిన మాటేనా? పైగా తాతయ్య అరువు పుస్తకం ముందేసుకుని బాకీలు వసూలు చేస్తానంటున్నారు. సుమారు 2.8 లక్షలు. తాతయ్య ఎవరి గుమ్మం ఎక్కీ అడగలేదు. కొట్టు కూడా అద్దెకిచ్చేస్తారట. నాయనమ్మ, భీమిలి అత్త నోరు మెదపడం లేదు. రెండు నెలలుగా నాన్నతో నాకు మాటల్లేవు. ఆరేళ్ల మా బాబు "ముత్తాత ఎప్పుడొస్తాడు" అని అడుగుతూనే ఉన్నాడు. ఏం చేయను?
- ఒక మనవరాలు, విశాఖపట్నం

జవాబు:

అమ్మా, ముందు ఆ మిస్డ్ కాల్ సంగతి. రోజూ షట్టర్ దించాక ఫోన్ చేసేవారని మీరే రాశారు. అంటే ఆ రాత్రి కూడా ఎప్పట్లాగే గల్లాపెట్టెకు తాళం వేసి, షట్టర్ దించి, మీ నంబరు నొక్కారు. పోతున్నానని తెలిసి చేసిన ఫోన్ కాదది. మీరు ఎత్తకపోతే "పనిలో ఉన్నట్టుంది, రేపు చేద్దాంలే" అనుకుని ఉంటారు. ఇన్నేళ్లలో మీరు ఎత్తని ఫోన్లు ఇంకా ఉండే ఉంటాయి. వాటిలో ఒక్కటైనా మీకు గుర్తుందా? ఆయన ఏనాడైనా నిష్ఠూరమాడారా? ఆఖరిది కాబట్టి ఇదొక్కటే ఇంత బరువెక్కింది. దాన్ని చెరిపేయమని నేను చెప్పను. కానీ ఆయన పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఉంటే ఈ రోజే ఇంకోచోట కూడా దాచుకోండి. ఫోన్ పాడయ్యాక ఆ గొంతు కోసం ఏడ్చినవాళ్లు నా దగ్గరికి వచ్చారు.

ఇక నాన్నగారు. మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఆయనే.

మీకు ఆయన తాతయ్య, మీ నాన్నకు ఆయన నాన్న. మనిషి ఒక్కరే అయినా మీ ఇద్దరికీ దొరికింది ఒకే మనిషి కాదు. 1972లో కొట్టు తెరిచేటప్పటికి తాతయ్యకు ముప్పై కూడా నిండలేదు. సరుకు, అద్దె, అప్పు, తిరిగి సరుకు. అలాంటి కుర్ర వ్యాపారికి కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకునే తీరిక ఎంత ఉండి ఉంటుంది? మీరు పుట్టేనాటికి కొట్టు నిలదొక్కుకుంది, ఆయన చెయ్యి కాస్త ఖాళీ అయింది. మీకు పటికబెల్లం ముక్క పెట్టిన ఆ చెయ్యే, తూకం తప్పినప్పుడు మీ నాన్నకు మొట్టికాయ వేసి ఉంటుంది. రెండూ నిజమే. మీ ప్రేమ అబద్ధం కాదు, ఆయన విసుగూ అబద్ధం కాదు.

"ఐటీఐ చదివి కూడా" అని ఒక్క ముక్కలో దాటేశారు. అక్కడ కాసేపు ఆగండి. మీ వయసును బట్టి చూస్తే నాన్నగారు చదువు ముగించింది 1990కి కాస్త అటూ ఇటూ. 1966లో ప్రాణాలిచ్చి పోరాడి సాధించుకున్న విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ సరిగ్గా ఆ రోజుల్లోనే ఉత్పత్తిలోకి వచ్చింది, 1992లో జాతికి అంకితమైంది. ఈ చుట్టుపక్కల ఐటీఐ సర్టిఫికెట్ చేతిలో ఉన్న కుర్రాళ్లకు ఆ గేటు ఎంత పెద్ద ఆశో ఆ తరం వాళ్లను ఎవరిని అడిగినా చెబుతారు. నాన్నగారికీ ఆ ఆశ ఉండేదా? దరఖాస్తు పెట్టారా? "నువ్వెళ్తే కొట్టెవరు చూస్తారు" అని ఎవరైనా అన్నారా? నాకు తెలియదు. మీకూ తెలియదనుకుంటాను, తెలిస్తే రాసేవారు. ఇన్నేళ్లు ఒకే గల్లాపెట్టె వెనక తండ్రి పక్కన నిలబడిన మనిషి "ఏముంది రాయడానికి" అన్నాడంటే, రాయడానికి ఏమీ లేక అన్న మాటలా నాకు అనిపించలేదు.

ఇంకో మాట. కర్మ చేసిన కొడుక్కి మన ఇళ్లలో ఏడ్చే తీరిక ఇవ్వం. పురోహితుడు, దానాలు, భోజనాలు, వచ్చినవాళ్లకు మర్యాదలు, నెలనెలా మాసికం. మీరు ఎనిమిది నెలలుగా దుఃఖపడుతున్నారు. ఆయన ఇంకా మొదలుపెట్టారో లేదో.

అరువు పుస్తకం విషయంలో మీరిద్దరూ సగం సగం పట్టుకున్నారని నా అభిప్రాయం. తాతయ్య ఎవరినీ అడగలేదు, సరే. టోకు వర్తకుడు మాత్రం తాతయ్యను అడిగే ఉంటాడు కదా. అప్పుడు ఆ డబ్బు ఎక్కడి నుంచి తెచ్చేవారు? ఏ నెలైనా మీ అమ్మగారి గాజులు తాకట్టుకు వెళ్లాయా? ఒకరి మంచితనానికి ఇంట్లో మరొకరు సర్దుకుని ఉండొచ్చు, ఆ పద్దు ఏ పుస్తకంలోనూ ఉండదు. నాన్నగారి కోపంలో న్యాయం ఉంది.

అలాగని తాతయ్య చేసింది వట్టి దానధర్మమూ కాదు. అనకాపల్లి అంటే బెల్లం మార్కెట్. చుట్టుపక్కల చెరకు రైతు ఇంటికి కావలసిన పప్పూ ఉప్పూ అరువుకు తీసుకెళ్లి, గానుగాడించి, దిమ్మలు మార్కెట్‌కు తోలి, డబ్బు చేతికొచ్చాక బాకీ కట్టేవాడు. అరువివ్వని కొట్టుకు ఆ బేరం ఎక్కడ దక్కుతుంది? తాతయ్య పంట లెక్కన వ్యాపారం చేశారు. తర్వాత చెరకు సాగు తగ్గింది, కొందరు వేరే పనులు వెతుక్కుని వలస పోయారు, పద్దులు మిగిలిపోయాయి. ఆ 2.8 లక్షల వెనక ఈ కథ కూడా ఉండి ఉంటుంది.

చట్టం మాటకొస్తే, వసూలుకు దారి ఇరుకే. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, గడువేదీ పెట్టకుండా అరువిచ్చిన సరుకు డబ్బుకు సరుకిచ్చిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. ఆలోపు బాకీదారు బాకీ ఉందని రాసి సంతకం చేస్తే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. పైగా పద్దు పుస్తకంలో రాత ఒక్కటే ఆధారంగా కోర్టు ఎవరినీ బాధ్యుడనదు. కాబట్టి పాత పద్దుల్లో చాలా వాటికి మిగిలింది మొహమాటం, మాట, అంతే. నాన్నగారు అరిచినా, మీరు అడ్డుపడినా, వచ్చే మొత్తంలో పెద్ద తేడా ఉండదు. ఈ గొడవకు రెండు నెలల మౌనం చాలా ఎక్కువ.

నా సలహా ఇదీ. ఆ పుస్తకం తెరిచి నాన్నగారి పక్కన కూర్చోండి. ఒక్కో పేరు చదవండి. "ఈయనెవరు నాన్నా?" అని అడగండి, ఆయన చెప్పింది రాసుకోండి. ఎవరి కూతురి పెళ్లికి సరుకులు వెళ్లాయో, ఎవరు ఎగ్గొట్టి వీధి మార్చి నడుస్తున్నారో, ఎవరు చివరి రూపాయి వరకు కట్టి తాంబూలం పెట్టి వెళ్లారో ఆయనకే తెలుసు. ఇప్పుడు సులువుగా ఇవ్వగలవారిని ఆయన మెల్లగా అడగనివ్వండి, అది తప్పేమీ కాదు. ఇవ్వలేనివారి పేరు దగ్గర ఇద్దరూ కలిసి గీత గీయండి. మీరు వేయించాలనుకుంటున్న పుస్తకం అక్కడే, ఆయన నోటి వెంటే మొదలవుతుంది.

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విరుచుకుపడ్డాక, కరెంటు లేని ఆ రోజుల్లో తాతయ్య కొవ్వొత్తులు ఏ ధరకు అమ్మారు? 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు చెల్లవన్నప్పుడు గల్లాపెట్టెలో ఎంత ఉంది? 2020 లాక్‌డౌన్‌లో ఎనభైకి దగ్గరపడుతున్న మనిషి కొట్టు మూయనన్నారా, మూయించారా? "చాలా మంచివారు, అందరికీ తలలో నాలుక" అని రాస్తే అది ఎవరి తాతయ్యకైనా సరిపోతుంది. పొట్లం చుట్టి పురికొస ఎలా తెంపేవారో రాస్తే మీ తాతయ్య ఒక్కరే కనిపిస్తారు. కొట్టుకు బస్తాలు మోసిన కళాసీ ఎవరైనా ఉంటే ఆయన్నీ కలవండి. నాన్నగారి మొట్టికాయలూ రాయండి, ఆయన ఒప్పుకుంటే.

కొట్టు అద్దెకివ్వడం గురించి నేను నాన్నగారి వైపే. ఇన్నేళ్లు నిలబడిన కాళ్లకు ఇక కూర్చునే హక్కు ఉంది. కాకపోతే ఆ కొట్టు తాతయ్య సొంత ఆర్జితమై, వీలునామా లేకపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం నాయనమ్మకూ, అత్తకూ, నాన్నతో సమానంగా వాటా ఉంటుంది. వాళ్ల మౌనాన్ని ఒప్పుదలగా తీసుకోవద్దు. కాగితం మీద సంతకాలకు ముందే అడగమనండి.

బాబుకు నిజం చెప్పండి. "ఊరెళ్లాడు", "నిద్రపోయాడు" అంటే ఊరి నుంచి వస్తాడని ఎదురుచూస్తాడు, పడుకోవడానికి భయపడతాడు. "ముత్తాత చనిపోయాడు. గుండె ఆగిపోయింది. చనిపోయినవాళ్లు మళ్లీ రారు. మనం ఆయన్ని తలుచుకోవచ్చు" అని చిన్న మాటల్లో చెప్పండి. మళ్లీ అడిగితే అదే మాట మళ్లీ చెప్పండి. ఆరేళ్ల పిల్లలకు అది ఒక్కసారిలో ఎక్కదు. మీకు కన్నీళ్లొస్తే వాడి ముందే రానివ్వండి.

ఒక్క జాగ్రత్త. నిద్ర, తిండి, ఉద్యోగం దెబ్బతినేంతగా ఈ దిగులు నెలల తరబడి తగ్గకుండా ఉంటే ఓర్చుకుంటూ కూర్చోవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, వెళ్లడానికి మొహమాటం అక్కర్లేదు.

ఈ ఆదివారం బాబును తీసుకుని అనకాపల్లి వెళ్లండి. సారీలూ సంజాయిషీలూ తర్వాత చూసుకోవచ్చు. నాన్నగారిని కొట్టు తాళం తీయమనండి. పాత పేపరు, పురికొస ఇచ్చి బాబుకు పొట్లం కట్టడం నేర్పమనండి. మీరు పక్కన స్టూలు లాక్కుని కూర్చోండి. వాడికి నేర్పుతుంటే, తనకు ఎవరు నేర్పారో ఆయనే చెప్పడం మొదలుపెడతారు. అప్పుడు అరువు పుస్తకం తీయండి.