మెరుపు తగ్గిన నికెల్ పూత

ప్రశ్న: కోలీన్ క్లోరైడు, ఇథిలీన్ గ్లైకాల్‌లను 1:2 మోలార్ నిష్పత్తిలో కలిపిన అయానిక ద్రవంలో, 70 డిగ్రీల సెల్సియస్ వద్ద, గ్రాఫైటు ఆనోడుతో (ధన ధ్రువంతో) ఇత్తడిపై నికెల్ పూత వేస్తున్నాను. మెరుపు కోసం నికోటినిక్ ఆమ్లం కలిపాను. మొదట అద్దంలా వచ్చిన పూత కొన్ని వారాలకే బూడిదరంగుకు తిరిగింది. ఆమ్లం చెడిపోయిందా?

జవాబు: కచ్చితంగా చెప్పాలంటే మీది అయానిక ద్రవం (పూర్తిగా అయాన్లతోనే ఏర్పడిన ద్రవం) కాదు, దానికి దగ్గరి చుట్టమైన డీప్ యూటెక్టిక్ ద్రావణి, అంటే విడివిడి పదార్థాల కంటే చాలా తక్కువ ఉష్ణోగ్రత వద్దే ద్రవంగా ఉండే మిశ్రమం. నేను ముందుగా అనుమానించేది ఆమ్లాన్ని కాదు, ఆనోడును. గ్రాఫైటు కరిగి లోహాన్ని అందించదు కనుక, నికెల్ తరిగిపోవడంతో పాటు, ద్రావణంలో పుష్కలంగా ఉన్న క్లోరైడు అక్కడ క్లోరిన్‌గా మారి, గ్లైకాల్‌తోనూ కోలీన్‌తోనూ చర్య జరిపి, పూతను పాడుచేసే క్లోరినీకృత కర్బన పదార్థాలను మిగల్చగలదు. తొట్టి దగ్గర ముక్కుపుటాలదిరే ఘాటు వాసన వస్తే పని ఆపి, గాలి బయటికి పోయే ఏర్పాటు చేసుకోండి. ఆపై నికెల్ ఆనోడుకు మారండి.

ఆమ్లానికీ ముప్పు లేకపోలేదు. చుట్టూ ఉన్నదంతా ఆల్కహాలే కాబట్టి, దీర్ఘకాలం వేడిలో ఉంచితే అందులో కొంత నెమ్మదిగా ఎస్టర్‌గా (ఆమ్లం, ఆల్కహాల్ కలిసి ఏర్పడే పదార్థంగా) మారవచ్చు. అందువల్ల పని లేనప్పుడు వేడి తగ్గించి, తేమ చేరకుండా మూత పెట్టండి. వేడికి ద్రావణం ఆకుపచ్చ నుంచి నీలానికి తిరిగితే మాత్రం కంగారుపడనక్కర లేదు. అది నికెల్ చుట్టూ ఉన్న అణువుల అమరిక మారడం వల్ల కలిగేదే.

తేల్చుకోవడానికి, కొద్దిపాటి ద్రావణాన్ని హల్ సెల్‌లో (పూతను పరీక్షించే చిన్న తొట్టిలో) పోసి, చిటికెడు నికోటినిక్ ఆమ్లం కలిపి, చిన్న రేకుపై పూత వేసి చూడండి. మెరుపు తిరిగొస్తే ఆమ్లమే తరిగింది. రాకపోతే ఎంత కలిపినా వృథాయే, ద్రావణాన్నే మార్చాల్సి రావచ్చు.